హోసూరు గడియారం వెనుక పొత్తులు

హోసూరు అనగానే గుర్తొచ్చే టైటాన్ వాచీల కంపెనీ పుట్టుకే ఒక పొత్తు. 1984లో టాటా గ్రూపు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి దాన్ని స్థాపించాయి.

తర్వాత పల్లెలతోనూ పొత్తు కుదిరింది. మైరాడ అనే స్వచ్ఛంద సంస్థ ఈ ప్రాంతపు ఆడవాళ్లను పొదుపు సంఘాలుగా కూడగట్టింది. ఆ సంఘాల మహిళలే యజమానులుగా మెడో అనే కంపెనీ ఏర్పడింది. వాచీ గొలుసులోని సన్నని లోహపు లంకెలను ఒక్కొక్కటీ కూర్చే పని వాళ్లకు దక్కింది. టైటాన్ పనీ, మెళకువలూ ఇచ్చింది. సంఘాన్ని నడుపుకోవడం మైరాడ నేర్పింది. ఎవరి బలం వారిది, అందుకే పొత్తు నిలబడింది.

చదువు విషయంలోనూ ఇదే సూత్రం. ఐటీఐలో పాఠం, ఫ్యాక్టరీలో పని. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఈ రెండింటినీ కలిపింది. శిక్షణ కాలంలో స్టైపెండ్ ఇవ్వడం యాజమాన్యం బాధ్యత.

హోసూరు, కృష్ణగిరి తల్లిదండ్రులకు ఒక్క మాట. పిల్లల్ని ఐటీఐలోనో పాలిటెక్నిక్‌లోనో చేర్పించేముందు, ఏయే ఫ్యాక్టరీలతో ఒప్పందం ఉందో తప్పక అడగండి.