దేవాలయపు గంట

మాది కల్లూరు ప్రాంతము. ఒక దిక్కున ఖమ్మము పొలములు, వేఱొక దిక్కున భద్రాచలము పోవు అడవిదారి. అచటి చిన్న క్రైస్తవ సంఘమునకు నేను చాలకాలముగా పెద్దగా నున్నాను. ఆరాధనకు క్రమముగా వచ్చు అలవాటును గూర్చి మాటలాడుమని నన్ను కోరినారు. ఈ విషయమున తప్పు చేసినవాడను గనుక ఆ తప్పుతోనే మొదలుపెట్టెదను.

ఒకయేడు వరినాట్లు ముమ్మరముగా సాగుచుండగా ఆదివారమునాడు గుడికి నలుగురైనను రాలేదు. స్త్రీలు తెల్లవాఱగనే ముఠాలుగా కూడి పొలములకు పోవుచుండిరి. గురువుగారికి అనేక గ్రామములు. మాకు నెలకొక్క ఆదివారమే దక్కును. వట్టి గదికి గంట యెందుకని నాట్లు ముగియువఱకు గంట కొట్టుట మానితిని. నాట్లు ముగిసెను; కలుపు వచ్చెను; పిమ్మట మిరపకాయ యేరుట వచ్చెను. జనులు మరల రాలేదు. వారికి భక్తి తగ్గెనని నేను ఇంటింట గొణుగుచు తిరిగితిని. ఒక ముసలమ్మ చేటలో బియ్యము చెఱుగుచు, తలయెత్తకయే, "గంట కొట్టకపోతే ఆదివారమని మాకెట్ల తెలుస్తది బిడ్డా? కూలోళ్లకు అన్ని దినాలొక్కటే గదా" అన్నది. నాకు బదులు తోచలేదు.

ఆమె మాట కొత్తది కాదు. రమారమి క్రీ. శ. 112వ సంవత్సరమున ప్లినీ అను రోమను అధికారి తన చక్రవర్తి ట్రాజనుకు వ్రాసిన జాబులో, క్రైస్తవులు ఒక నియమిత దినమున తెల్లవాఱకమునుపే కూడుకొనుచుండిరని తెలిపెను. ఆ సంఘమున పరిచారికలుగా నున్న ఇరువురు దాసీలను హింసించి విచారించితినని గూడ వ్రాసెను. ఆనాడు ఆదివారము సెలవుదినము కాదు. పని మొదలగుటకు ముందే వారు ఆరాధన ముగించుకొనవలసియుండెను. 321లో కాన్‌స్టాంటైను చక్రవర్తి ఆదివారమున పనులు మానవలెనని శాసించెను గాని, సేద్యపు పనికి అదను తప్పరాదని పల్లెవారిని ఆ కట్టడనుండి విడిచిపెట్టెను! కాబట్టి నాటువేయు స్త్రీకి ఆదివారపు సెలవు ఆనాడును దొరకలేదు, ఈనాడును దొరకుట లేదు. ఆమెను నిందించి లాభమేమి?

మన దోర్నకల్ అధ్యక్షఖండమున ఈ సంగతిని బాగుగ ఎఱిగినవారు అజరయ్యగారు. వారు 1912లో బిషప్పుగా అభిషేకము పొంది, 1945లో పరమపదించువఱకు ఈ పల్లెలలో తిరిగిరి. వారి సంఘస్థులలో పెక్కుమంది కూలివారే. అందుచేత పల్లెలలో చీకటిపడి జనులు పొలమునుండి వచ్చిన తరువాత ఉపదేశి ప్రార్థన జరుపుట అలవాటయ్యెను. గురువు లేడను సాకు కూడ చెల్లదు. దుమ్ముగూడెమున కోయల మధ్య సువార్తపని ప్రారంభమగుటకు కారకుడు గోదావరి కాలువపనులు చూచుచుండిన హేగ్ అను ఇంజనీరు, పాదిరి కాడు.

నేను మరల గంట పట్టితిని. నాట్ల దినములలో ఆదివారపు ఆరాధనను వేకువకు మార్చితిమి, అరగంటకు మించనీయము. త్రోయలో పౌలు అర్ధరాత్రివఱకు ప్రసంగింపగా కిటికీలో కూర్చున్న ఐతుకు నిద్రపోయి క్రిందపడెను; మా ప్రసంగములకు అంత శక్తి లేకున్నను నిద్రకు లోటులేదు! ఆ దినమున రాలేనివారికి బుధవారము దీపాలవేళ ప్రార్థన కలదు. ముగ్గురే వచ్చినను వేళ మార్చము, గంట మానము. తొలి రెండు మాసములు నిజముగ ముగ్గురమే. గంట త్రాడు పట్టుటకు సిగ్గుగా నుండెడిది, ఊరంతయు నవ్వుచున్నట్లు తోచెడిది.

ఒక వేకువను ముఠాలోని స్త్రీలు సద్దిగిన్నెలతోనే లోపలికి వచ్చి, గిన్నెలు గుమ్మముప్రక్కన వరుసగా పెట్టి కూర్చుండిరి. ముసలమ్మ ముందు వరుసలో నుండెను. పొలమునకు తీసికొనిపోవు ఆటో యిప్పుడు నాట్ల ఆదివారములందు గుడియెదుటనే ఆగును. దానిని నడుపువాడు మా సంఘమువాడు కాడు; ఆలస్యమైనప్పుడు హారను మాత్రము కొట్టును.