డెల్టా పల్లెల్లో ప్రార్థన మందిరం: తెనాలి, బాపట్ల, రేపల్లె

క్రైస్తవ ఆరాధన కట్టడాలన్నీ ఒక తరహావి కావు. బిషప్పు పీఠం ఉన్నది కథెడ్రల్. ఒక విచారణకు, అంటే పారిష్‌కు, కేంద్రమైనది విచారణ గుడి. బడి, ఆసుపత్రి, కన్యాస్త్రీల మఠం వంటి సంస్థల ఆవరణలోనో, విచారణ కేంద్రానికి దూరంగా ఉన్న పల్లెలోనో కొద్దిమంది కోసం వెలిసిన చిన్న ఆరాధన స్థలం చాపెల్. దానికి ప్రత్యేకంగా గురువు ఉండకపోవచ్చు. గురువు వచ్చిన ఆదివారం ప్రభు సంస్కారం, తక్కిన ఆదివారాలు ఉపదేశి నడిపే ఆరాధన. కృష్ణా పశ్చిమ డెల్టాలో ప్రార్థన మందిరం అనీ, వాడుకలో గుడి అనీ పిలిచేది చాలావరకు ఇదే.

1842 జూలై 31న జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గుంటూరు చేరడంతో ఈ ప్రాంతంలో లూథరన్ మిషన్ మొదలైంది. తరవాతి కాలంలో తెనాలి, రేపల్లె వైపు పల్లెలకు విస్తరించింది. దక్షిణం నుంచి బాప్టిస్టులు వచ్చారు. 1876-78 కరువు తరవాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. 1883లో బాపట్ల బాప్టిస్టు మిషన్ కేంద్రమైంది. సాల్వేషన్ ఆర్మీ కూడా బాపట్ల చుట్టుపక్కల వేళ్లూనుకుంది. దగ్గరలోని స్టూవర్టుపురం సెటిల్మెంటు దాని నిర్వహణలోనే ఏర్పడింది.

ఈ సంఘాల్లో ఎక్కువ భాగం మాల, మాదిగ పల్లెల్లో పుట్టినవి. ఊరి బడిలోకీ గుడిలోకీ రానివ్వని జనానికి వాక్యం చదవాలంటే ముందు అక్షరం రావాలి. అందుకే చాలాచోట్ల మట్టిగోడల మీద తాటాకు కప్పిన ఒకే గది పగలు బడి, సాయంత్రం ప్రార్థన స్థలం. పలక మీద అక్షరాలు దిద్దించిన పంతులే ఆదివారం కీర్తన ఎత్తుకునేవాడు. ఆ పల్లెలకు ఉమ్మడిగా దక్కిన మొదటి కట్టడం చాలాసార్లు ఇదే. చరిత్ర రాసేవారు బిషప్పుల గుడులకు ఇచ్చే చోటు దీనికీ ఇవ్వాలి.

ఏ సంఘానిదో లోపలి అమరికను చూస్తే తెలుస్తుంది. లూథరన్లు పసిపిల్లలకూ బాప్తిస్మమిస్తారు కనుక వారి మందిరంలో చిన్న నీటి పాత్ర చాలు. బాప్టిస్టులకు విశ్వసించిన వ్యక్తి నీట మునగాలి. గదిలో తొట్టి కట్టే వీలు లేనిచోట చెరువో కాలువో ఆ అవసరం తీర్చేది. సాల్వేషన్ ఆర్మీ హాలులో బాప్తిస్మపు తొట్టీ, ప్రభువు బల్లా రెండూ ఉండవు. వారు ఆ సంస్కారాలను ఆచరించరు. వేదిక ముందు మోకరించి ప్రార్థించడానికి ఒక బల్ల మాత్రం ఉంటుంది. కతోలిక చాపెల్‌లో బలిపీఠం ప్రధానం. దివ్యసత్ప్రసాదాన్ని భద్రపరిచే చోట మందసమూ ఉంటుంది. చెప్పులు బయట విడవడం, చాపల మీద కూర్చోవడం, ఆడవారు ఒకవైపు మగవారు ఒకవైపు ఉండడం మాత్రం పల్లె మందిరాల్లో సంఘభేదం లేకుండా కనిపించే ఆచారాలు.

తాటాకు పోయి పెంకు వచ్చింది, పెంకు పోయి స్లాబు వచ్చింది. ఈ మార్పు వెనుక హోదా ఒక్కటే లేదు, గాలివాన భయమూ ఉంది. 1977 నవంబరు 19న తీరం దాటిన తుపాను దివిసీమతోపాటు రేపల్లె, బాపట్ల ప్రాంతాలనూ తుడిచిపెట్టింది. ఇళ్లు వదిలి బాపట్లలో ఒక చర్చిలో తలదాచుకున్నవారిలో సుమారు 100 మంది అది కూలి చనిపోయారు. గట్టి గోడలున్న పెద్ద గది కనిపిస్తే, ఎవరి దేవుడిదని చూడకుండా జనం అక్కడికే పరుగెత్తుతారు. కాబట్టి సముద్రతీర పల్లెలో మందిరం కట్టేవారు పునాది, పైకప్పు, గోడల బలం మొదట చూడాలి, శిఖరం ఎత్తు ఆ తరవాత.

1938లో దేవదాసు అయ్యగారు ఆరంభించిన బైబిలు మిషన్, పెంతెకొస్తు సంఘాలు, స్వతంత్ర సహవాసాలు కొత్త మందిరాలను పెంచాయి. వీటిలో చాలావాటికి మాతృసంస్థ విదేశాల్లో లేదు. ఇంటి ముందరి గదో, మేడమీద రేకుల షెడ్డో ఆరాధనకు సరిపోతుంది. అదే సమయంలో మిషన్ల కాలపు పెంకుటి మందిరాలను ఒక్కొక్కటిగా కూల్చి కొత్తగా కడుతున్నారు. కొత్త కట్టడం అవసరమే కావచ్చు, కానీ పాత శిలాఫలకాన్ని కొత్త గోడలో పొదగాలి, పాత కొలతలు, బాప్తిస్మ రిజిస్టర్లు, తొలి పంతుళ్ల పేర్లు సంఘ పుస్తకంలో రాసి ఉంచాలి. ఆ పల్లెల్లో ఎవరు ఎప్పుడు చదువు నేర్చారో చెప్పే ఆధారాలు చాలాచోట్ల అవే.