సగటులో కనబడనివి

పట్టాలందుకున్న మీకూ, ఈ ఎండలో బస్సులు మారి వచ్చిన మీ అమ్మానాన్నలకూ అభినందనలు. మర్యాదలు ఇంతటితో చాలు.

హిందూపురం దాటగానే వచ్చే గౌరిబిదనూరులో, రేడియో టెలిస్కోపు దగ్గర నా పని మొదలైంది. ఏం చేస్తున్నావని చుట్టాలడిగితే “చచ్చిన నక్షత్రాల మాటలు వింటున్నా” అనేవాణ్ణి. ఆ ఒక్క మాటకే పెళ్లి సంబంధాలు వెనక్కి పోయేవి.

ఆ చచ్చిన నక్షత్రాలే పల్సార్లు. పల్సార్ అయస్కాంత క్షేత్రం లక్ష కోట్ల గాస్‌ల స్థాయిలో ఉంటుంది. ధ్రువాల దగ్గర విద్యుత్ క్షేత్రం కణాలను విసిరితే గామా కిరణాలు పుట్టి, అవి ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంటలవుతాయి. అదే ప్లాస్మా. వెయ్యి కణాలు ఎవరి దారిన అవి తరంగాలు వెదజల్లితే శక్తి వెయ్యింతలు. ఒకే లయలో కదిలితే పది లక్షల ఇంతలు. మనకు అందే రేడియో వెలుగుకు రెండోదే తప్ప దారి లేదు. ధ్రువాల మీద స్పార్కులు రేగుతాయని 1975లో రూడర్‌మన్, సదర్లాండ్ ప్రతిపాదించారు. కణాలు గుంపుకట్టి, వంపు తిరిగిన అయస్కాంత రేఖల వెంట చెదరకుండా ఎలా సాగుతాయన్నది ఇంకా తెగని తగవే.

నా బెంగ మాత్రం సగటు మీద. పల్సార్ నుంచి వచ్చే వేల రేడియో స్పందనలు కలిపితే నున్నటి గీత వస్తుంది. స్పార్కుల జాడ మాయమవుతుంది. 1999లో దేశ్‌పాండే, రాంకిన్ బి0943+10 పల్సార్ స్పందనలను ఒక్కొక్కటిగా చదివారు. స్పార్కుల ఆనవాళ్లయిన ఇరవై ఉపకిరణాలు అయస్కాంత ధ్రువాన్ని 37 భ్రమణాలకోసారి చుట్టి వస్తున్నాయని తేల్చారు. 1967లో జోసెలిన్ బెల్ రోజుకు దాదాపు వంద అడుగుల చార్టు కాగితాన్ని కంటితో గాలించబట్టే అసలు పల్సార్లు దొరికాయి.

పొద్దున మీ ప్రాజెక్టు రిపోర్టులు తిరగేశాను. అన్నీ నున్నటి గీతలే! సాఫ్ట్‌వేర్ ఏం పారేసిందో చూశారా నాయనా? నవ్వకమ్మా, నీదీ అంతే. మీ కాలేజీ పక్కనే హిరేగుడ్డ కొండ ఉంది, ఎక్కి చూడండి. అక్కడి డోలరైట్ బండల్లో మోగేవి ఏవో కొత్తరాతి యుగం వాళ్లకు తెలుసు. ఒక్కో బండనూ కొట్టి చూడందే తెలిసే సంగతి కాదది.

ఉద్యోగంలో చేరగానే అసలు రికార్డు ఎక్కడుందో అడగండి. విసుక్కుంటే మళ్లీ అడగండి. మీ పట్టా మీదున్న శాతం కూడా సగటే. ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మరీ నమ్మేయకండి, అంతే.