మెతుకు సీమ - మన వారసత్వము



మెదక్ జిల్లా సంస్కృతిని గూర్చి, చూడదగిన స్థలములను గూర్చి, ఆహారమును గూర్చి మాట్లాడుమని నన్ను కోరారు. ఇవి మూడు వేరువేరు అంశములుగా కనబడతాయి. కాని మెదక్ సీమలో వీటిని విడదీయుట కష్టము. కోటను చూచినా, కాలువ గట్టున నిలిచినా, మహాదేవాలయములో అడుగుపెట్టినా కథ చివరకు అన్నము దగ్గరకే వస్తుంది.

ఆ సీమ పేరే అందుకు సాక్ష్యము. పూర్వము దానిని మెతుకు దుర్గమనీ, మెతుకు సీమయనీ పిలిచేవారు. ఆ మెతుకే మెదక్ అయినదని పెద్దలు చెప్పుతూ వచ్చారు. తరువాతి పాలకులు గుల్షనాబాద్ అని పేరు పెట్టారు. అనగా పూలతోట. వినుటకు ఎంత ఇంపుగా ఉన్నా ఆ పేరు నిలువలేదు. జనుల నోట మెతుకే నిలిచినది. పాత మెదక్ జిల్లా 2016 అక్టోబరు 11న మెదక్, సంగారెడ్డి, సిద్దిపేట అని మూడు జిల్లాలైనది. నేను ఆ మూడింటిని కలిపియే మాట్లాడుతున్నాను.

మొదట కోట. ఊరి ప్రక్కన సుమారు 90 మీటర్ల ఎత్తుగల గుట్టపై కాకతీయుల కాలమున దానికి పునాది పడినది. ప్రథమ ద్వారము, సింహ ద్వారము, గజ ద్వారము దాటి పైకి వెళ్లాలి. ద్వారముపై కాకతీయుల గండభేరుండము ఉన్నది. పైన కుతుబ్ షాహీల నాటి మసీదు ఉన్నది. వీటితోపాటు ధాన్యపు కొట్లు కూడ ఉన్నవి. పిల్లలను తీసుకొని వెళ్లినప్పుడు ఫిరంగితోపాటు వాటిని కూడ చూపించండి. గింజలు లేని కోట ఎన్నాళ్లు నిలుస్తుంది?

గింజకు నీరు కావాలి. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండలలో పుట్టిన మంజీర ఈ సీమను తడుపుతూ గోదావరిలో కలుస్తుంది. మెదక్ దగ్గర అది ఏడు పాయలుగా చీలినచోటే ఏడుపాయల క్షేత్రమున్నది. శివరాత్రి జాతరకు అక్కడికి లక్షల జనము వస్తారు. ఆ చేరువలోనే 1905లో ఘనపురం ఆనకట్ట కట్టారు. మహబూబ్ నహర్, ఫతే నహర్ అనే దాని కాలువల క్రింద నేటికీ వరి పండుతున్నది. 1916 నుండి 1922 వరకు ఆలేరు వాగుపై పోచారం చెరువు కట్టారు. దాని చుట్టునున్న అభయారణ్యములో జింకలను, పక్షులను చూడవచ్చును. కాళిదాసు కావ్యములకు వ్యాఖ్యానములు వ్రాసిన మల్లినాథసూరి ఈ సీమలోని కొల్చారం వాడు. సిద్దిపేట నేతగాండ్రు తలపై కుండ పెట్టుకొన్న గొల్లభామను చీర అంచున దించారు.

ఇక మన మహాదేవాలయము. వెస్లియన్ మిషనెరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారి ఆధ్వర్యమున 1914లో పని ప్రారంభమై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురము 175 అడుగులు. సుమారు 5,000 మంది కూర్చొని ఆరాధింపవచ్చును. ఫ్రాంక్ సాల్స్‌బరీ రచించిన గాజు కిటికీలు మూడు. ఆరోహణము 1927లోను, జననము 1947లోను, సిలువ 1958లోను అమర్చబడినవి. సూర్యుని వెలుగు గాజు గుండా వచ్చినప్పుడే ఆ బొమ్మలు కనబడతాయి గనుక ప్రొద్దు ఉండగానే వెళ్లండి.

అయితే కొలతలు చెప్పి ఊరుకొంటే ఆలయమును గూర్చి సగమే చెప్పినట్లు. అవి మొదటి ప్రపంచ యుద్ధపు దినములు. కరవు, రోగములు పల్లెలను పీడించిన కాలము. ఆకలిగొన్నవారికి పని ఇచ్చి, ఆ పనికి కూడు పెట్టుటకు ఈ కట్టడము సాధనమైనది. పాస్నెట్ దొరగారి పేరు మనకు తెలుసు, చిత్రకారుని పేరు తెలుసు. రాళ్లు మోసిన తల్లుల పేర్లు, మట్టి తవ్విన తండ్రుల పేర్లు ఎంతమందికి తెలుసు? పేర్లు చెప్పలేకపోయినా వారు తిన్న తిండి మనకు తెలుసు. ఆ వారసత్వము నేటికీ చేతికందుతుంది.

వారి తిండి జొన్న. వేడి నీళ్లతో పిండి కలిపి, అరచేత తట్టి, పెనముపై తడి అద్ది కాల్చిన రొట్టె. జొన్నరవ్వతో వండిన గట్క. ఎండకాలమున తైదల అంబలి. నంజుటకు పుంటికూర, లేకున్న చింతపండు పిసికి ఉల్లి, మిరప వేసిన పచ్చిపులుసు. వానలు పడగానే చేలగట్లపై ఎవరూ విత్తకుండ మొలిచే గంగవాయిలి, పొన్నగంటి, దొగ్గలి కూరలు. పండుగ దినమున నువ్వులు, వాము కలిపి వేలితో చుట్టిన సకినాలు, గిన్నెకు తట్టి కాల్చిన సర్వపిండి, బతుకమ్మనాడు రొట్టెయు బెల్లమును కలిపిన మలీద.

సకినాలు ఇప్పుడు మిఠాయి అంగళ్లలో దొరుకుతున్నవి. గట్క మాట అట్లు కాదు. చాలాకాలము మనము దానిని తిన్నామని చెప్పుకొనుటకు సిగ్గుపడ్డాము. అది పేదల తిండి, కూలివారి తిండి. వరి అన్నము దొరకుట గౌరవమైనది. ఆ గౌరవమును నేను తక్కువ చేయుట లేదు. ఆకలి ఎరిగినవారికి తెల్లని అన్నము విలువ తెలుసు. కాని సిగ్గుతో విడిచిన గింజ చేనునుండి కూడ పోతుంది. కొర్రలు, సామలు, అరికెలు ఎదుట పెట్టి ఏది ఏదియని అడిగితే మన పిల్లలలో చెప్పగలవారు తక్కువ.

ఈ సిగ్గును జయించినవారు ఆ సీమలోనే ఉన్నారు. జహీరాబాదు దగ్గర పస్తాపూర్ కేంద్రముగా 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఏర్పడినది. అందులో పల్లె స్త్రీలు, ముఖ్యముగా దళిత కుటుంబముల స్త్రీలు, సంఘములుగా కూడి పాత విత్తనములను వెదకి తెచ్చారు. బూడిద, వేపాకు కలిపి బుట్టలలో దాచారు. విత్తనము అడిగినవారికి ఇచ్చి, పంట వచ్చిన తరువాత ఎక్కువ కొలత తిరిగి తీసుకొన్నారు. ఎడ్లబండ్లపై గింజలు పెట్టుకొని ఊరూరా పాత పంటల జాతర చేశారు. 2008లో మాచనూరులో సొంత రేడియో నెలకొల్పారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము వారికి ఈక్వేటర్ బహుమానమిచ్చినది. చదువు లేదనిపించుకొన్న చేతులు దాచిన గింజలను లోకము గౌరవించినది.

మనకు ఇది క్రొత్త పాఠము కాదు. ప్రభువు అయిదువేల మందికి పంచిన రొట్టెలు యవల రొట్టెలు. ఆనాటి పేదల రొట్టెలు. రూతు పొలములో పరిగె ఏరుకొన్న కథ మన తల్లులకు ఎవరూ వివరింపనక్కరలేదు. వారును పరిగె ఏరినవారే.

గనుక మూడు చిన్న పనులు మీ ముందుంచుతున్నాను. కోతల పండుగకు నోటు కవరుతోపాటు దోసెడు జొన్నలో, కొర్రలో కూడ బల్ల యొద్దకు తీసుకొని రండి. స్త్రీల మైత్రివారు ప్రతి సంఘములోని వృద్ధ తల్లులను అడిగి వారి వంటలను, ఆకుకూరల పేర్లను ఒక పుస్తకములో వ్రాసి ఉంచండి. వారు వెళ్లిపోయిన తరువాత అడుగుటకు ఎవరుండరు. మెదక్ యాత్రకు పిల్లలను తీసుకొని వెళ్లువారు ఆ సాయంకాలము హోటలు వెదకక, తెలిసిన విశ్వాసి యింట జొన్న రొట్టె తినిపించి, ఆ గోడలు లేపినవారు తిన్న తిండి ఇదియని చెప్పండి.

ఆ పిల్లలు మరల అడిగి తిన్నారంటే మన వంతు పని కొంత జరిగినట్లే.