ఒకే ఇల్లు, రెండు బళ్ళు

(నర్సీపట్నంలో జరిగిన స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



“పిల్లని సర్కారు బడిలో వెయ్యాలా, ప్రైవేటు బడిలో వెయ్యాలా?” అని పొద్దున్నుంచి మీలో చాలామంది అడుగుతున్నారు. ఇది ఒక్కో కుటుంబం సొంత విషయంలాగే కనిపిస్తుంది. కానీ దీని వెనక ప్రభుత్వ విధానం ఉంది, వ్యాపారం ఉంది, మన ఇళ్ళల్లో ఆడపిల్లకున్న స్థానం కూడా ఉంది. నేను ఆ చివరి సంగతితోనే మొదలుపెడతాను.

గొలుగొండ, రోలుగుంట, మాకవరపాలెం వైపు ఊళ్ళల్లో తిరుగుతున్నప్పుడు ఈ దృశ్యం నాకు చాలాసార్లు ఎదురైంది. టై కట్టుకున్న పిల్లాడు స్కూలు బస్సెక్కుతాడు. వాడి అక్క సంచీ తగిలించుకుని ఊళ్ళో ఎలిమెంటరీ బడికి నడిచిపోతుంది. ఎందుకలా అని అడిగితే, “ఆడపిల్ల కదమ్మా, రేపు అత్తోరింటికి ఎల్లిపోద్ది. దానికీ ఈడికీ ఫీజులంటే యెక్కడ తెత్తాం?” అంటారు.

ఇది మన డివిజన్‌కే పరిమితం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించిన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం 2013లో ఏం చెప్పిందో చూడండి. 1994-95లో పుట్టిన పిల్లల్లో 24 శాతం ప్రైవేటు ప్రాథమిక బళ్ళకు వెళ్ళారు. 2001-02లో పుట్టినవాళ్ళలో 44 శాతం వెళ్ళారు. ఆడపిల్లలు మాత్రం తక్కువగానే ఉన్నారు. ఇతర తేడాలు కొన్ని తగ్గుతున్నా, ఆడ మగ తేడా పెరుగుతున్నట్టు కనిపించింది.

మరి కొడుకు కోసం కొన్న చదువు అంత గొప్పదా? 2008లో మన రాష్ట్రంలోనే 180 గ్రామాల్లో ఒక ప్రయోగం మొదలైంది. సర్కారు బడి పిల్లల్లో లాటరీ తీసి, పేరు వచ్చినవాళ్ళను ఫీజు కట్టి ప్రైవేటు బడికి పంపారు. నాలుగేళ్ళ తర్వాత పరీక్ష పెడితే తెలుగులో, లెక్కల్లో రెండు రకాల పిల్లలకూ తేడా కనిపించలేదు. హిందీలో ప్రైవేటు పిల్లలు ముందున్నారు. సర్కారు ప్రాథమిక బళ్ళల్లో చాలావాటిలో అప్పుడు హిందీయే చెప్పేవారు కాదు.

అలాగని ప్రైవేటు బడికి పంపే తల్లి మోసపోయిందని నేను అనను. ఆ బళ్ళల్లో టీచరు రోజూ వస్తుంది, ఒక్కో తరగతికి ఒకరు ఉంటారు. ఇది ఆ పరిశోధకులూ గమనించారు. తల్లి చూసేది అదే. కానీ ఆ టీచరు జీతం సర్కారు టీచరు జీతంలో ఆరో వంతు కూడా లేదు. వాళ్ళల్లో ఎక్కువమంది చిన్న వయసు ఆడవాళ్ళు. మనకు చవగ్గా దొరికే చదువు వాళ్ళ చవక శ్రమ మీద నిలబడింది.

ఇక సర్కారు బడి సంగతి. చదువు ప్రాథమిక హక్కని 1993లో సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ కేసులో చెప్పింది. ఆ కేసు మన రాష్ట్రంపైనే. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లో ఉంది. అయితే 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు చాలని ఆ చట్టమే అంటుంది. అయిదు తరగతులకు ఇద్దరు! మనం బడి వదిలిపెడుతున్నది అక్కడే. పిల్లలు తగ్గితే టీచర్లను తగ్గిస్తారు. టీచర్లు తగ్గితే ఇంకొందరు వెళ్ళిపోతారు. చివరికి వేరే దారి లేని ఆడపిల్లలే అక్కడ మిగులుతారు.

డబ్బు సంగతి కూడా చూద్దాం. 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడి, ఎందరు పిల్లలున్నా తల్లికి ఒక్కరి లెక్కనే ఇచ్చింది. ఆ డబ్బు ఎవరి ఫీజుకు పోయిందో మీ ఇంట్లో మీరే లెక్క చూసుకోండి. 2025 జూన్‌లో తల్లికి వందనం కింద ప్రతి బిడ్డకూ 13 వేల రూపాయల చొప్పున తల్లి ఖాతాలో వేశారు. కూతురి పేరున వచ్చిన డబ్బు కూతురి చదువుకే ఖర్చు కావాలి.

మీరు ఏ బడి ఎంచుకున్నా నాది ఒకటే మాట: కొడుక్కి ఏది మంచిదనుకుంటే కూతురికీ అదే. ప్రైవేటు బడైతే, చిన్నపిల్లలకు పరీక్షలూ ఇంటర్వ్యూలూ పెట్టి చేర్చుకోవడం నేరమని గుర్తుంచుకోండి. పేద పిల్లలకు మొదటి తరగతిలో 25 శాతం సీట్లు ఇవ్వాలి. వాటిని మన రాష్ట్రంలో 2022-23 నుంచే ఇస్తున్నారు. అవి ఆడపిల్లలకూ అడగండి. సర్కారు బడైతే, యాజమాన్య కమిటీలో మూడొంతుల పైన, అంటే నూటికి 75 మంది, తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. పేరు మనది, సంతకం మొగుడిది అయితే ఆ హక్కు మనకు దక్కనట్టే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్ళే సారా దుకాణం మూయించారు. మనం బడిని తెరిపించి నిలబెట్టలేమా? వచ్చే జూన్‌లోగా ప్రతి ఊళ్ళో మనవాళ్ళు నలుగురు బడికి వెళ్ళండి. టీచర్లు ఎందరు, పిల్లలు ఎందరు, ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఉందా, అందులో నీళ్ళొస్తున్నాయా, అన్నీ రాసుకోండి. తరగతికో టీచరు కావాలని మండల విద్యాశాఖాధికారికి అర్జీ పెడదాం. దాని మీద సంతకాలు మాత్రం తల్లులవే ఉండాలి.