నాపరాయి కింద, కడలి కింద
(స్మారకోపన్యాసం)

ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ గురువుగారు విద్యార్థులను గుట్టల వెంట తిప్పి పాఠం చెప్పినవారు. అందుకే నేనూ రాయితోనే మొదలుపెడతాను.

బేతంచెర్ల నాపరాయి ఒకప్పటి సముద్రంలో పేరుకున్న సున్నపు బురద అని మీకు తెలుసు. ఆ రాయికి అయస్కాంత గుణం లేనట్టే లెక్క. అందుకే అయస్కాంతమాపకానికి అది అడ్డురాదు. అడుగున అయస్కాంత గుణం ఉన్న డోలరైటు అనే అగ్నిశిల ఉంటే దాని జాడ పైకి తెలుస్తుంది.

సముద్రగర్భాన్ని చదివిందీ అయస్కాంతమాపకంతోనే. 1962లో బ్రిటిష్ నౌక ఓవెన్ మన హిందూ మహాసముద్రంలోని కార్ల్స్‌బర్గ్ శిఖరశ్రేణి మీద కొలతలు తీసింది. మరుసటి ఏడు ఫ్రెడ్ వైన్, డ్రమ్మండ్ మాథ్యూస్ వాటి అంతరార్థం చెప్పారు. శిఖరం వద్ద ఉబికిన లావా చల్లారి 580 డిగ్రీలకు దిగువకు వచ్చేసరికి అందులోని మాగ్నటైటు అనే ఇనుప ఖనిజం ఆనాటి భూక్షేత్రం దిశను పట్టి ఉంచుకుంటుంది. ధ్రువాలు తారుమారైనప్పుడల్లా శిఖరానికి ఇరువైపులా కొత్త అయస్కాంత చారిక మొదలవుతుంది. చారిక వెడల్పూ, అది ఏర్పడిన కాలమూ తెలిస్తే సముద్రపు అడుగు ఎంత వేగంగా విస్తరించిందో లెక్కకు అందుతుంది.

బంగాళాఖాతంలో ఇంత సులువు కాదు. గంగా బ్రహ్మపుత్రల ఒండ్రు కిలోమీటర్ల మందాన కప్పేసింది; అదీ నాపరాయిలాగే అయస్కాంత గుణం లేనట్టిదే అయినా, అడుగు అంత లోతున ఉండడంతో జాడ బలహీనపడుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు కాలంతో. సుమారు 12 కోట్ల ఏళ్ల క్రితం నుంచి 8.3 కోట్ల ఏళ్ల క్రితం దాకా ధ్రువాలు తారుమారు కాలేదు; చారికలు పడలేదు. అంతకుముందటి చారికలను గుర్తించామని 1994లో గోవాలోని జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థకు చెందిన ఎం.వి. రమణ బృందం ప్రకటించింది. అందరూ ఒప్పుకోలేదు. గురుత్వ, భూకంప తరంగ కొలతలు కలపకుండా ఈ వాదం తేలదని నా అభిప్రాయం.

ఇక మన కడప ప్రాంతం. ఇక్కడ చారికలు వెతకకండి. ఇది మహాసముద్రపు అడుగు కాదు. ఖండం కుంగిన చోట సముద్రం చొరబడిన పళ్లెం. పులివెందుల దగ్గర సుమారు 188 కోట్ల ఏళ్ల నాటి డోలరైటు పలక వేంపల్లె సున్నపురాళ్ల మధ్యకు దూరింది. ఆ వేడికి రాతినార పుట్టింది.

కొలతలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. మనం అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గరలో ఉన్నాం. ఇక్కడ క్షేత్రం దాదాపు అడ్డంగా పడుకుని ఉంటుంది. ఐరోపా పుస్తకాల బొమ్మల్లో రాయి నెత్తిన ఎత్తు కనిపిస్తే మనకు పల్లం కనిపించవచ్చు. తూర్పు పడమరలుగా సాగిన డైకులు, అంటే రాతిని నిలువుగా చీల్చుకొచ్చిన అగ్నిశిలా గోడలు, బాగా తెలుస్తాయి; ఉత్తర దక్షిణంగా ఉన్నవి దాదాపు దాగిపోతాయి. పటంలో ఖాళీ ఉందని కింద ఏమీ లేదనుకునే విద్యార్థిని ఆ గురువుగారు ఊరికే వదిలేవారు కారు.

1970లలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కావలి నుంచి ఉడుపి దాకా భూకంప తరంగాలతో లోతులు చూసింది. నల్లమల వైపు అవక్షేపాలు చాలా మందంగా ఉన్నాయని తేలింది. కడప పళ్లేనికి నైరుతిన మాత్రం గురుత్వం ఎక్కువ. అడుగున బరువైన శిల ఉందంటారు. పులివెందుల పలకకు మూలం అదేనా? అయస్కాంత పటాన్నీ గురుత్వ పటాన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి, పాపఘ్ని లోయ మీదుగా దగ్గర దగ్గర కొలతలు తీయగల యువకులు ఈ జిల్లాల్లోనే కావాలి.