అటక మీది మూట: మన పవిత్ర గ్రంథాలను వెతుక్కోవడం ఎట్లా?

(సమాఖ్య వార్షికోత్సవ సభలో కమఠాణకు చెందిన సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఎవరు మైకు పట్టుకున్నా నూలు ధర, కూలి ధర, పింఛను సంగతే మాట్లాడాలె. అది న్యాయమే. ఆ మాటలు నాకన్నా బాగా చెప్పేవాళ్లు ఇక్కడే ఉన్నరు. నన్ను పుస్తకాల గురించి చెప్పమన్నరు. అందులోనూ పురాణాలు, తత్వాలు, మంత్రాలు, రహస్య విద్యలు అని బజారులో అమ్మే పుస్తకాల్లో ఏది కొనదగ్గది, ఏది కాదు అని. నేను పండితుణ్ణి కాను. రెండుసార్లు దెబ్బ తిన్నవాణ్ణి. ఆ రెండు దెబ్బలూ ముందు చెప్తా.

మొదటిది మా ఇంట్లనే జరిగింది. నాయన పోయిన ఏడాది ఇల్లు సున్నం వేయిద్దామని అటక దించినం. ఓ పాత పంచెల కట్టిన మూట కనబడ్డది. అన్నీ చిరిగిన కాయితాలు, చెదలు పట్టిన నోటుబుక్కులు. పాత పేపర్ల వాడు వాకిట్లనే ఉన్నడు, కిలోల లెక్కన తూచి ఇచ్చేసినం. ఆ డబ్బులతోటి ఆ పూట చాయ్‌లు తాగినం. తర్వాత మా మేనత్త వచ్చి అడిగింది: "మీ తాత రాసుకున్న భావనారుషి కథ ఏదిరా? పండుగకు ఆయన అదే సదివేటోడు కదా?" అప్పుడు పోయి వెతికితే కాయితాల వాడు ఎక్కడ, ఆ మూట ఎక్కడ! మగ్గం గుంట పక్కన గూట్లో ఒక్క పలుచటి నోటుబుక్కు మాత్రం మిగిలింది. అందులో కథ సగం నుంచి మొదలవుతది. మొదటి సగం మేము తాగిన చాయ్‌ల పోయింది.

రెండోది నా తెలివితక్కువతనం. ఓ జాతరలో ప్లాస్టిక్ కవరులో మూసిన పుస్తకం కొన్న. కవరు తీయొద్దు, కొన్నంకనే తీయాలె అన్నడు అమ్మినవాడు. పైన బంగారు రంగు అక్షరాలు, "ఇంతవరకు ఎవరికీ చెప్పని రహస్యం" అని. 1,100 రూపాయలు పెట్టిన. ఇంటికొచ్చి విప్పితే ఏ గుడి దగ్గరైనా 30 రూపాయలకు దొరికే స్తోత్రాలు, మధ్యలో తాయెత్తు బొమ్మలు, చివర ఫోను నంబరు. ఒక చోట పారేసుకున్నది అసలైన పుస్తకం, ఇంకో చోట కొనుక్కున్నది ఉత్త డొల్ల. ఈ రెండు తప్పులూ మన ఇండ్లల్లో రోజూ జరుగుతున్నయని నా అనుమానం. అందుకే ఈ మాట.

ముందు మన పురాణం సంగతే చూద్దాం. పద్మశాలీలం మార్కండేయుని సంతతి అని చెప్పుకుంటం. ఒకాయన భక్తితో మార్కండేయ పురాణం కొని చదివిండు. పూర్తి చేసి నాతో అన్నడు: "ఇందులో భావనారుషి లేడే! మనల్ని తీసేసిన్రా ఏంది?" ఎవరూ తీయలేదు. అవి రెండు వేరు వేరు గ్రంథాలు. పద్దెనిమిది మహాపురాణాల్లో ఒకటైన మార్కండేయ పురాణంలో జైమిని అడిగిన ప్రశ్నలు, పక్షుల జవాబులు, హరిశ్చంద్రుని కథ, మదాలస కథ, దేవీ మాహాత్మ్యం ఉంటయి. మనం దసరాకు పారాయణ చేసే దుర్గా సప్తశతి అందులోదే. కాకతీయ ప్రతాపరుద్రుని కాలంలో మారన కవి దాన్ని తెలుగు చేసిండు.

తామర తూళ్ల నుంచి నూలు తీసి దేవతలకు బట్ట నేసిన భావనారుషి కథ మన కులపురాణం. అది ఎక్కువగా పుస్తకంలో బతకలేదు, మనుషుల నోట్లో, పటం మీద బతికింది. తెలంగాణలో కూనపులివాళ్లు మన ఇండ్ల ముందర పటం విప్పి, బొమ్మ బొమ్మకు కర్ర చూపిస్తూ రాత్రంతా చెప్పేది ఈ కథనే. ఆ పటాలు చేర్యాల నకాషీ కళాకారులు రాస్తరు. బట్టకు గంజి, చింతగింజల జిగురు, సుద్ద పట్టించి దాని మీద బొమ్మలేస్తరు. అంటే మన గ్రంథం కాయితం మీద కాదు, మనం నేసిన బట్ట మీదనే ఉన్నది. సాధనాశూరులు కూడా మనల్ని ఆశ్రయించి బతికినవాళ్లే. వాళ్ల ఇంద్రజాలం చూసి చిన్నప్పుడు నోరు తెరిచినవాళ్లు ఈ సభలో ఉన్నరు. పటం చెప్పే ఆ ముసలాయన పోతే ఒక గ్రంథాలయం కాలిపోయినట్టే. కాబట్టి "పుస్తకం ఎక్కడ దొరుకుతది?" అనే ప్రశ్నకు మొదటి జవాబు దుకాణం కాదు. మన ఇంటి అటక, మన ఊరి ముసలివాళ్లు.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. ఇది చేసి చూపించిన మహానుభావుడు ఒకాయన ఉన్నడు. ధారవాడలో 1880లో నేత కుటుంబంలో పుట్టిన ఫకీరప్ప గురుబసప్ప హళకట్టిగారు. విజయపురలో వకీలు. బనహట్టిలో ఒక ఇంట్లో తాటాకు ప్రతులు ఆయన కంట పడ్డయి. రబకవి, బనహట్టి ఇయ్యాలటికీ మగ్గాల ఊర్లే. ఆ ఆకుల్లో శరణుల వచనాలున్నయి. దేవుని గూట్లో పెట్టి కుంకుమ చల్లి మొక్కుతున్నరు కానీ చదివేటోళ్లు లేరు. అప్పటి నుంచి ఆయన ఊరూరా తిరిగి, ఇంటింటా అడిగి, మఠాల్లో బతిమాలి తాటాకులు పోగు చేసిండు. 1923లో వచన శాస్త్ర సారం మొదటి భాగం అచ్చయింది. 1925లో సొంత ముద్రణాలయం పెట్టిండు, మరుసటి ఏడు శివానుభవ పత్రిక తెచ్చిండు. అందుకోసం ఇల్లు అమ్ముకున్నడు. అప్పటిదాకా లోకానికి తెలిసిన వచనకారులు 50 మంది. ఆయన వెతికినంక ఆ సంఖ్య 250 దాటింది. 1964లో కాలం చేసిండు.

మనది బీదర్ జిల్లా. ఆ వచనాలు పుట్టిన బసవకల్యాణం మన జిల్లాలోనే ఉన్నది. 12వ శతాబ్దంలో కల్యాణంలో గొడవలైనప్పుడు శరణులు చెదిరిపోయి, వచనాల కట్టలు మోసుకుని తలో దిక్కు పోయిన్రని చెప్తరు. వాళ్లు ప్రాణం పోయినా వదలని కట్టల్ని ఏడెనిమిది వందల ఏండ్ల తర్వాత ఓ నేతింటి బిడ్డ మళ్లీ వెతికి పట్టిండు. మేమేమో ఇంట్లో ఉన్నదాన్నే తూకానికి వేసినం.

ఆ శరణుల్లో మనవాళ్లు ఎవరో కూడా పిల్లలకు తెలియాలె. బసవన్న కన్నా ముందటివాడు జేడర దాసిమయ్య. ఇప్పటి యాదగిరి జిల్లా ముదనూరు వాడు. నేత పని చేస్తూ రామనాథ అనే ముద్రతో వచనాలు చెప్పిండు. ఆయన భార్య దుగ్గళె కూడా వచనాలు చెప్పింది. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమన తెలుగు ద్విపదలో రాసిన బసవపురాణంలో దాసయ్య కథ ఉన్నది. ఏండ్ల తరబడి నేసిన బట్ట సంతలో అమ్ముడుపోక తిరిగి తెస్తుంటే, శివుడు జంగమ వేషంలో వచ్చి అడిగి తీసుకుని కండ్ల ముందరే చింపేస్తడు. దాసయ్య కోపగించుకోడు. చివరికి శివుడు తరగని ధాన్యం, తవనిధి ఇస్తడు. అమ్ముడుపోని చీర భుజానేసుకుని తిరిగొచ్చే బాధ మనకు తెలిసినంతగా ఏ పండితునికి తెలుస్తది చెప్పండి!

దక్షిణాన అరవై ముగ్గురు నాయన్మార్లలో ఒకాయన నేశనాయనారు. కంపిలి ఊరి సాలె. ఆయన కథ సేక్కిళార్ రాసిన పెరియపురాణంలో ఉన్నది. ఉత్తరాన కాశీలో కబీరు. ఆయన పదాలు 500కు పైగా సిక్కుల గురుగ్రంథ సాహిబ్‌లో చేర్చిన్రు. మన బీదర్‌లో నానక్ ఝీరా గురుద్వారాకు పోతే, అక్కడ రోజూ చదివే పవిత్ర గ్రంథంలో ఒక నేతగాని మాట కూడా ఉన్నదని గుర్తు పెట్టుకోండి.

ఇక "రహస్యం" సంగతి. అల్లమప్రభు వచనాల్లో బెడగు వచనాలని ఉంటయి. పైకి పొడుపుకథలు. కబీరు పదాల్లోనూ తలకిందులు మాటలు ఉంటయి. మన తెలంగాణ అచల తత్వాలు, దూదేకుల సిద్ధయ్య పేరుతో పాడే తత్వాలు అంతే. వాటిలో రహస్యం ఉన్నది నిజమే. కానీ దాచిపెట్టిన రహస్యం కాదు, బతుకుతూ పోతేగానీ విప్పుకోని ముడి. కబీరు దేహాన్నే సన్నగా నేసిన బట్ట అన్నప్పుడు పడుగు పేకలు తెలిసిన మనకు సగం అర్థం వెంటనే అయితది. మిగతా సగం కోసం గురువు కావాలె, వయసు కావాలె. 1,100 పెడితే రాదు.

మరి బజారులో పుస్తకం చేతికి తీసుకున్నప్పుడు ఎట్లా పోల్చుకోవాలె? కొనేవాడు రంగు చూస్తడు. నేసేవాడు బట్ట తిరగేసి చూస్తడు. పుస్తకాన్నీ తిరగేయాలె.

మొదట లోపలి పేజీ. రాసింది ఎవరు, సరిచేసి అచ్చు వేసింది ఎవరు, ఏ సంవత్సరం, ఏ ప్రతిని చూసి? ఉదాహరణకు 1926లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పీఠికతో వచ్చిన బసవపురాణం తీయండి. కవి ఎవరు, కాలం ఏది, కథ ఎక్కడిది అని పెద్ద చర్చే ఉంటది. మంచి పుస్తకం తన పుట్టుక చెప్పుకుంటది. వీరబ్రహ్మంగారి కాలజ్ఞానం పేరుతో ఎన్నో పుస్తకాలు అమ్ముతరు. ఏ తాటాకు ప్రతి నుంచి తీసుకున్నరో చెప్పనివి, జరిగిపోయిన సంగతులను ముందే చెప్పినట్టు చేర్చినవి ఉంటయి. పుట్టుక చెప్పనిదాన్ని పక్కన పెట్టండి.

రెండోది, మూలం ఉన్నదా? పద్యమో, శ్లోకమో, వచనమో మొత్తం ఇచ్చి కింద అర్థం ఇచ్చేది మేలు. అర్థం ఒక్కటే ఉంటే చెప్పినాయన మాట నమ్మడం తప్ప దారి లేదు. మూలం ఉంటే రెండు అనువాదాలు పక్కపక్కన పెట్టుకోవచ్చు.

మూడోది, ఏం ఆశ చూపిస్తున్నది? పదకొండు రోజుల్లో అప్పు తీరుతదని, శత్రువు నాశనమైతడని అట్ట మీదనే ఉంటే అక్కడే పెట్టేయండి. అప్పుల్లో ఉన్న నేతగాని భయం మీద వ్యాపారం చేసే పుస్తకం అది. సొసైటీ బాకీ మంత్రంతో తీరదు.

ఖర్చు గురించి భయపడకండి. వచనాలు చదవాలంటే కన్నడ ప్రభుత్వం అచ్చు వేసిన సమగ్ర వచన సంపుటాలు ఉన్నయి. తెలుగులో కావాలంటే బెంగళూరు బసవ సమితి 2,500 వచనాలు ఎంచి చాలా భాషల్లోకి అనువాదం చేయించింది, అందులో తెలుగూ ఉన్నది. పాత తెలుగు ముద్రణలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతయి, ఫోన్‌లోనే చదువుకోవచ్చు. హైదరాబాదులో 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ఉన్నది. చీరాల దగ్గర వేటపాలెం మన నేతన్నల ఊరు. అక్కడ 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయానికి దేశమంతటి నుంచి పరిశోధకులు వస్తరు. మగ్గాల ఊర్లో అంత పెద్ద గ్రంథాలయం నిలబడగలిగింది. మన బీదర్‌లో మహమూద్ గవాన్ 1472లో మదరసా కట్టించి అందులో వేల గ్రంథాలు పెట్టించిండు. పుస్తకం మనకు కొత్త కాదు.

ఒక కష్టం మాత్రం మనదే. 1956 దాకా ఇది హైదరాబాదు రాజ్యం. నాయన బడిలో చదివింది ఉర్దూ. నేను చదివింది కన్నడ. తాత రాసింది తెలుగు. ఒక ఇంట్లో మూడు తరాలకు మూడు లిపులు. అందుకే ఆ మూట మాకు చిత్తుకాయితం లెక్క కనబడ్డది. చదవరానిది ఏదైనా చెత్తలాగనే కనబడతది. కానీ కన్నడ అక్షరాలు వచ్చిన పిల్లకు తెలుగు అక్షరాలు రావడానికి నెల చాలు. రెండూ అక్కచెల్లెళ్లు. మా మనుమరాలికి వేసవి సెలవుల్లో నేర్పిన. ఆ సగం నోటుబుక్కు మొదట చదివింది తనే. భావనారుషి పెండ్లి దగ్గర ఆగి, "తాతా, ముందు ఏమైంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

అందుకే సమాఖ్యను మూడు పనులు అడుగుతున్న. ఒకటి, ప్రతి ఇంటి అటక ఒకసారి దించి, రాతప్రతి, తాటాకు, పాత ముద్రణ ఏది దొరికినా పారేయకుండా, ఫోన్‌తో పేజీ పేజీ ఫోటో తీసి ఇంటి పేరు, ఊరు రాసి పెట్టండి. అసలుది మీ దగ్గరే ఉంచుకోండి, ఎవరికీ ఇవ్వనక్కరలేదు. రెండు, పటం కథ చెప్పేవాళ్లను పిలిపించి రాత్రంతా రికార్డు చేయిద్దాం. వాళ్ల సంభావన చేతిల పెట్టినంకనే మైకు పెడదాం. మూడు, సంఘం హాలులో ఒక్క బీరువా. అందులో బసవపురాణం, వచనాలు, మారన మార్కండేయ పురాణం, కబీరు, మనవాళ్లు రాసుకున్న కులపురాణాల ప్రతులు.

ఇక్కడ దేవాంగులు, తొగటలు, స్వకుళసాలీలు, పద్మశాలీలు అందరూ ఉన్నరు. మీ మీ ఇండ్లల్లో ఎవరింట్లోనైనా ఆ కథ మొదటి సగం ఉండొచ్చు. ఉంటే ఈ సభ అయినంక నన్ను కలవండి. తెగిన పోగును అతికించడం మనకు చిన్నప్పటి నుంచి వచ్చిన పని. మా మనుమరాలు ఇంకా అడుగుతనే ఉన్నది.

జై మార్కండేయ! జై చేనేత!